గదికి చల్లిన లవండరు

మొగిలి ఒళ్లు కాలిన నాలుగో నాడు మిల్లు దవాఖానకు లవండరు నూనె వచ్చింది.

తెచ్చింది కంపౌండరు లింగమూర్తి. మిల్లు సేటు బంగ్లా వెనక తలుపుల నుంచి బయటికి వచ్చి, సీసాను రెండు చేతులతోని పట్టుకొని, పత్తి బండ్ల నడుమ ఎవరికీ తగలకుండ పక్కకు జరుక్కుంట నడిచిండు. అరచెయ్యంత సీసా. దాని మీద ఊదారంగు పూల బొమ్మ, కింద ఇంగ్లీషు అక్షరాలు. గుళ్లె నుంచి తీర్థం మోసుకొస్తున్నట్టున్న ఆయన నడక చూసి, దవాఖాన మెట్ల మీద కూసొని జొన్న గట్క తింటున్న మొగిలి పెండ్లాం సారక్క మూతి తిప్పుకున్నది.

ఆ యేడు ఆదిలాబాదుల పత్తి బాగ పండింది. సంక్రాంతి ముందటి నుంచే బండ్లు మిల్లు గేటు కాడికెల్లి రోడ్డు మలుపు దాక నిలబడుతున్నయి. పొద్దున మిల్లు కూత పెట్టంగనే ఆడోళ్లు మిషన్ల ముందట నిలబడి, గింజ పత్తిని పిడికెండ్లతోని తిరిగే రూళ్లకు అందిస్తరు. గింజ కింద రాలుతది. దూది అవతలి అర్రలకు ఎగిరి పోతది. ఆ దూదిని తొక్కి, నూకి, బేళ్లు కట్టే ప్రెస్సు దిక్కు జరిపెతందుకు లోపల ఒక మనిషి ఉంటడు. ఆ మనిషి మొగిలి. అగ్గి అంటుకున్నది ఆ అర్రలనే.

బీడి తాగిండని మిల్లంత అన్నరు. మొదలు ఎవలన్నరో తెలువదు గని, ఆ మాట సారక్క చెవుల పడంగనే నమ్మింది. నమ్మకపోవుటానికి ఆమెకు ఏం కనవడలేదు. మొగిలి చెవి సందుల ఎప్పుడు చూసినా బీడి ఉంటది. ఏ పని ముట్టినా సగంల విడిచిపెడుతడు. గుడిసె వెనక మొదలుపెట్టిన గోడ మూడేండ్ల సంది మోకాలెత్తుననే ఉన్నది. అన్నిటికంటె ఆమెకు ఒళ్లు మండేది వాని నవ్వు. మిల్లు లెక్కలు చూసే మునీము తిడితె నవ్వుతడు, బండోడు నూకేస్తె నవ్వుతడు, ఎవడో పిల్లగాడు ఎక్కిరిస్తె సుత నవ్వుతడు. మొగని మొఖం మీద ఆ నవ్వు చూసినప్పుడల్లా సారక్క తల పక్కకు తిప్పుకునేది. ఎనిమిదేండ్ల సంసారంల ఆమెకు ఆ పక్కకు తిప్పుడు మంచిగనే అలవాటైంది.

కాలిన దినం వానికి తెలివి రాంగనే ఆమె అడిగింది ఒక్కటే. "అంత దూది నడుమ బీడి ఎందుకు ముట్టిచ్చినవ్?"

వాడు కొంచెం సేపు ఆమె దిక్కే చూసి, గోడ దిక్కు తిరిగిండు. అదీ సంగతి అనుకున్నది సారక్క.

దవాఖాన అన్నరు గని అవి రెండు అర్రలు. చట్టం ఉన్నదని కట్టిచ్చిండ్రు. ముందటి దాంట్ల ఒక బల్ల, ఒక అలమారి, లింగమూర్తి తెల్ల కోటు తగిలిచ్చుకునే మేకు. వెనక దాంట్ల ఒక ఇనుప మంచం. మొగిలిని పండబెట్టెదాక ఆ మంచం మీద గోనె సంచులుండేటియి. ఎడమ భుజం నుంచి వీపు సగం దాక, అటెన్క తొడ పక్కకు కాలింది. లింగమూర్తి పొద్దుకోసారి పసుపుపచ్చటి మలాము పూసి గుడ్డ కప్పుతుండు. రెండో నాటికే ఆ గుడ్డ కింద నుంచి కంపు మొదలైంది. సారక్క పగటి కూతకు వచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని నాలుగు ముద్దలు వాని నోట్ల పెట్టి, బయటికి వచ్చి మెట్ల మీద కూసొని తాను తింటది. సర్కారు దవాఖానకు తీస్కపోదామని పక్క మిషను మీది మల్లక్క అన్నప్పుడు, "మునీము వద్దన్నడు" అన్నది. తానూ గట్టిగ అడగలేదు.

లింగమూర్తి సీసాను బల్ల మీద పెట్టి, చేతులు కోటుకు తుడుచుకొని, మూత తీసి ముక్కు కాడ పెట్టుకొని కండ్లు మూసుకున్నడు. కరీంనగరుల ఒక డాక్టరు కాడ కొన్ని దినాలు సీసాలు కడిగి, సూది ఎయ్యడం నేర్చుకొని ఇక్కడికి వచ్చిండు. మిల్లోళ్లు ఆయనను ముందట సారు అంటరు, వెనక సూది లింగం అంటరు.

"గా సీసా ఏంది సారు?" అని సారక్క గడప కాడికి వచ్చింది.

"ముట్టకు. దూరం నిలబడు. ఇది లావెండర్ ఆయిల్. సేటమ్మకు బొంబాయి నుంచి తెప్పిస్తరు."

"నూనెనా? తలకు రాసుకుంటరా?"

లింగమూర్తి నవ్విండు. తెలిసినోడు తెలవనోని ముందట నవ్వే నవ్వు. సేటమ్మ తనకు చెప్పినదంత ఇంకొకలకు చెప్పే అవకాశం వచ్చినందుకు ఆయనకు లోపల సంబురంగనే ఉన్నది.

"దీని గుణాలు నీకు తెలుస్తయా! తలకాయ నొస్తె కణతలకు రెండు బొట్లు. నిద్ర రాకుంటె తల కింది మెత్తకు రెండు బొట్లు. దోమ కుట్టినా తేనెటీగ కుట్టినా రాస్తె మంట పోతది. దూదికి అద్ది పట్టుచీరెల పెట్టెల పెడితె పురుగు దగ్గరికి రాదు. మనసు పరేషాన్‌గ ఉన్నప్పుడు వాసన చూస్తె నెమ్మదిస్తది. విలాయతుల కాలిన పుండ్లకు సుత పూస్తరట. కాకపోతె ఉత్తగ పుయ్యద్దు, మండుతది. కొబ్బరినూనెల కలుపాలె."

"అయితె పుయ్యి."

"ఎవలికి?"

"ఇంకెవలికి సారు? లోపల మూలుగుతున్నోనికి."

లింగమూర్తి ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు. "ఇది అర్రకు చల్లెతందుకు ఇచ్చిండ్రు. గాలి బంగ్లా దిక్కు మళ్లింది. మీ ఆయన కంపుకు సేటమ్మ నిన్న పొద్దటి సంది అన్నం ముట్టలేదు."

ఆయన బకెట్ల నీళ్లు పోసి, చుక్కలు లెక్కపెట్టుకుంట నూనె ఏసి, దూది ఉండను ముంచి లోపలి అర్రల పని మొదలుపెట్టిండు. కిటికి చువ్వలకు అద్దిండు. తలుపు రెక్కలకు అద్దిండు. నేల మీద చల్లిండు. వంగి మంచం కోళ్లు నాలుగింటికీ అద్దిండు. మంచం మీది మనిషికి మాత్రం చెయ్యి తగులకుండ చూసుకున్నడు. మొగిలి బోర్లా పండుకొని, చెంప మంచానికి ఒత్తుకొని, తన ముక్కు ముందట నుంచి పోతున్న ఆ చేతిని చూస్తుండు.

అర్రంత మరువం నలిపి కర్పూరంల కలిపినట్టు ఒక వాసన లేచింది. చల్లటి వాసన. సారక్క అసొంటి వాసన ఎన్నడూ చూడలేదు. కొంచెం సేపటికి దాని కిందికెల్లి పుండు కంపు మల్ల పైకి వచ్చింది. రెండూ కలిసి ఇంకో తీరు కంపైంది.

"సాలదు, ఇంకో రెండు చుక్కలు పడాలె" అని లింగమూర్తి ముక్కు ఎగబీల్చి బయటికి పోయిండు.

తెల్లారి పొద్దున మునీము వామన్‌రావు సారక్కను మిషను కాడికెల్లి పిలిపిచ్చిండు. అమరావతి దిక్కు మనిషి. తెలుగును మరాఠీల నానబెట్టి మాట్లాడుతడు. దఫ్తరు అరుగు మీద నిలబడి, తల నిండ దూది పట్టి వచ్చిన సారక్కను కింద నిలబెట్టి అన్నడు.

"హే బఘ్ సారక్క. రేపు సర్కారు ఇన్‌స్పెక్టర్ వస్తడు. మిల్లు చూస్తడు, దవాఖాన చూస్తడు. నీ మాలక్, నీ మొగని గురించి అడిగితె ఏమంటవ్?"

"ఏమనాలె?"

"మోతీజిరా జ్వరం. ఇంటికాడ వచ్చింది, మిల్లు దయతోని ఇక్కడ పండబెట్టింది. అంతే. ఎందుకు చెప్తున్న అంటె, బీడి తాగి మిల్లు తగలబెట్టిండని తెలిస్తె కేసు అతని మీదికే వస్తది. జైలు. సేటు మంచోడు కాబట్టి ఊకున్నడు. నీ మిషను నీకు ఉండాలె గద?"

సారక్క కొంగుతోని మొఖం మీది దూది తుడుచుకున్నది. "అంట తియ్యి" అన్నది.

ఆమెకు దాంట్ల తప్పేం కనవడలేదు. వాని కోసం అబద్ధం ఆడుడు కొత్త కాదు. అప్పు ఇచ్చినోడు ఇంటి ముందటికి వస్తె లేడని చెప్పింది, పని ఎగ్గొడితె కడుపునొప్పి అని చెప్పింది. ఇప్పుడు జ్వరమని చెప్తది. చెప్పి పడేస్తె అయిపోతది. వాపసు మిషను కాడికి పోయి పిడికెడు పత్తి రూళ్లకు అందిచ్చింది. పక్క మిషను మల్లక్క, బెల్టుల మోతల వినవడేటట్టు ఆమె చెవుల ఒర్రింది.

"ఏమన్నడు?"

"ఏమంటడు. మా ఆయన చేసిన పెంటను సేటు ఎత్తిపోస్తుండట."

పగటి కూత అయినంక ఆమె దవాఖానకు పోయెసరికి మెట్ల ముందట మనుషులున్నరు. సేటమ్మ వచ్చింది. లోపలికి రాలేదు. బంగ్లా దిక్కు వేపచెట్టు నీడల నిలబడితె, పనిమనిషి ఆమె మీద గొడుగు పట్టుకున్నది. నీడల నిలబడ్డ మనిషికి గొడుగు ఎందుకో సారక్కకు అర్థం కాలేదు. సేటమ్మ ముక్కుకు రుమాలు పెట్టుకొని, లింగమూర్తితోని మాట్లాడుతున్నది.

"కిత్‌నా డాల్‌తే హో? ఎంత చల్లుతున్నవ్? నాకు ఇంకా వాసన వస్తుంది. నా తలనొప్పి పోలేదు."

"పొద్దున, సాయంత్రం చల్లుతున్న అమ్మగారు. ఈ కేసు జర గట్టి కేసు."

లోపల మొగిలి మూలిగిండు. మూడు దినాల సంది వానికి నిద్ర లేదు. బోర్లా పడి ఉండి మెడ పట్టుకుపోయింది. మూలుగు సన్నగ మొదలై, పైకి పోయి, తెగిపోతున్నది. సారక్క ఇగ నిలబడలేక అన్నది.

"అమ్మా, గా నూనె నిద్ర పట్టిస్తదని సారు చెప్పిండు. రెండు బొట్లు ఆయనకు పుయ్యమను తల్లీ. అరిసి అరిసి సొమ్మసిల్లుతుండు."

సేటమ్మ ఆమె దిక్కు చూడలేదు. ఆ మాట ఏ దిక్కుకెల్లి వచ్చిందో తెలవనట్టు లింగమూర్తి దిక్కే చూసుకుంట అన్నది.

"ఆమెకు చెప్పు. అది నాజూకు నూనె. ఇసొంటి తోలు మీద అది పని చెయ్యదు. వీళ్లకు కొబ్బరినూనె పూస్తె చాలు. ఉత్తగ పాడు చెయ్యొద్దు, గదికి ఎయ్యి. ఎక్కువ ఎయ్యి."

"చెప్త అమ్మగారు" అన్నడు లింగమూర్తి. సారక్క అక్కడనే, ఆయన మోచేతి పక్కకే నిలబడి ఉన్నది. అయినా ఆమె దిక్కు తిరిగి, "విన్నవా, గదికి ఎయ్యాలెనంట" అన్నడు.

గొడుగు బంగ్లా దిక్కు పోయింది. సారక్కకు కోపం రాలేదు. నవ్వొచ్చింది. ఇంతమంది పెద్దోళ్లు, ఇంత పెద్ద మిల్లు. గోడకు అత్తరు పూసి, మనిషిని మురగబెడుతున్నరు. దానికి మల్ల ఒక కంపౌండరు, ఒక కొలత. ఇన్ని దినాలు మొగిలిని మించిన పనికిమాలినోడు ఈ దునియల లేడనుకున్నది. ఉన్నరు. తెల్లటి బట్టలు కట్టుకొని ఉన్నరు.

మునీము పిలుస్తుండని లింగమూర్తి దఫ్తరుకు పోయిండు. సీసా బల్ల మీదనే ఉన్నది.

సారక్క అలమారిల నుంచి కొబ్బరినూనె గిన్నె తీసింది. లవండరు మూత విప్పి గిన్నెల వంచింది. లెక్కపెట్టలేదు. వేలితోని కలిపి, గిన్నె పట్టుకొని లోపలికి పోయింది. కొంగు ముక్కుకు కట్టుకుందామని చెయ్యి లేపి, మల్ల దించింది.

పుండు మీదికి పోలేదు. పుండు చుట్టు ఎర్రగ కందిన తోలు మీద, వేలి కొనతోని, రొట్టెకు నెయ్యి రాసినట్టు మెల్లగ రాసింది. మెడ ఎనక రాసింది. కణతలకు రాసింది. పట్టుకుపోయిన కుడి భుజాన్ని అరచేతితోని మెత్తగ పిసికింది. వాని ఒంటి మీద చెయ్యి పెట్టి ఎన్ని దినాలైందో ఆమెకే యాదికి లేదు. భుజం ఎముక చేతికి తగిలింది. ఇంత బక్కగున్నడా అనుకున్నది.

మొగిలి కండ్లు తెరిచిండు. "ఏందే గా వాసన?"

"లవండరు."

"సేటమ్మదా? వద్దే. మునీము చూస్తె నీ మిషను..."

"నోర్ముయ్. పండుకో."

కొంచెం సేపటికి మూలుగు నడుమల ఎడం పెరిగింది. తర్వాత మూలుగు ఆగింది. సారక్క ఉలిక్కిపడి ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసింది. ఊపిరి ఆడుతున్నది. నోరు తెరుసుకొని, పసిపోరని తీరు పండుకున్నడు.

కూత వినవడ్డది. ఆమె సీసాల మిగిలినదంత గిన్నెలకు ఒంపి, గిన్నెను మంచం కిందికి జరిపి, ఖాళీ సీసాను మూత పెట్టి బల్ల మీద ఎట్లున్నదట్ల పెట్టి మిషను కాడికి పోయింది. రేపటి తనిఖీ పనులల్ల మునీము పెట్టుకుంటె లింగమూర్తి దవాఖానకు వాపసు రాలేదు. పొద్దుమూకినంక సారక్క మల్ల వచ్చి ఇంకోసారి రాసింది. ఆ దినం ఆమె మెట్ల మీద కూసోలేదు. మంచం పక్కకే కూసొని తిన్నది.

తెల్లారి లింగమూర్తి ఇస్త్రీ కోటు తొడుక్కొని వచ్చి, సీసా లేపి, ఊపి, ఎండకు పెట్టి చూసి, మెట్ల మీద కూలబడ్డడు.

"నా కొలువు పోయింది. సారక్కా, ఏం చేసినవే? ఇంకాసేపట్ల జీపు వస్తది!"

"గదికి రాయలే. మనిషికి రాసిన."

"నీ మనిషికి ఏం తెలుస్తది దాని గుణం!"

"పండుకున్నడు. పొయ్యి చూడు."

లింగమూర్తి చూడలేదు. ఫినాయిలు గుమ్మరిచ్చిండు. పాన్ డబ్బాకు మనిషిని తోలి ఊదుబత్తులు తెప్పిచ్చి, కిటికి సందులల్ల గుచ్చిండు. పొగ, ఫినాయిలు, పుండు, పట్టీలకు అంటిన లవండరు, అన్నీ కలిసి గడప దాటి వస్తున్నయి. అప్పుడే జీపు గేట్ల దూరింది.

ఇన్‌స్పెక్టరు కోస్తా దిక్కు మనిషి. దోవ పొంటి దుమ్ము తిని విసిగి ఉన్నడు. మిషన్ల నడుమ నుంచి గబగబ నడిచి, ప్రెస్సు చూసి, దవాఖాన దిక్కు వచ్చిండు. ఆయన ఎనక మునీము, మునీము ఎనక లింగమూర్తి. తలుపు కాడికి రాంగనే ఇన్‌స్పెక్టరు ఆగిపోయిండు. జేబుల నుంచి రుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నడు.

"ఏమిటిది? లోపల ఎవరున్నారు?"

"జ్వరం కేసు సర్. మోతీజిరా. పాపం ఇంటికాడ చూసెటోళ్లు లేరు" అన్నడు మునీము. సారక్క దిక్కు చూసిండు. "అతని బాయ్‌కో సర్, భార్య."

ఇన్‌స్పెక్టరు సారక్క దిక్కు తిరిగిండు. "జ్వరమేనా అమ్మా?"

అట్లనే అంటానని ఒప్పుకున్నది. నోటిదాక వచ్చింది. కాని ఆ ఆఫీసరు కాళ్లు గడప అవతలనే ఉన్నయి. ఒక్క అడుగు లోపలికి ఏస్తె మంచం కనవడుతది. ఆ అడుగు ఏసే మనిషి కాడు. ఆయన కండ్లు అప్పుడే జీపు దిక్కు పోయినయి. వీడూ అసొంటోడే అనుకున్నది సారక్క. అసొంటోని కోసం అబద్ధం ఆడుడు ఎందుకో ఆమెకు రోత పుట్టింది.

"జ్వరం కాదు సారు. కాలిండు."

లింగమూర్తి గోడకు ఆనుకున్నడు.

"కాలాడా? ఎక్కడ?"

"ఈడనే. దూది అర్రల."

ఇన్‌స్పెక్టరు రుమాలు దించి మునీము దిక్కు చూసిండు. మునీము తడబడలేదు. రెండు చేతులు జోడిచ్చి, బాధపడుతున్నట్టు తల ఊపిండు. "సర్, నిజం చెప్పాలంటె బీడీ తాగిండు. దూదిల కూసొని. కేసు అయితె బీదోడు జైలుకు పోతడని జ్వరం అన్నం. దయ చూపిస్తె మాదే తప్పయితున్నది. కావాలంటె ఆమెనే అడుగుండ్రి."

"మీ ఆయన బీడీ తాగుతాడా?"

"తాగుతడు సారు. ఆయన బుద్ధే అంత. చెప్తె వినడు."

అనంగనే ఇన్‌స్పెక్టరు మొఖం తేలికపడ్డది. ఎత్తమన్న బరువును ఇంకెవలో ఎత్తుకున్నట్టు, భుజాలు సుత కిందికి దిగినయి. "చూశావా మరి. ఒకడి నిర్లక్ష్యం... ఇలాంటివాళ్లతో మీకూ కష్టమే" అన్నడు మునీముతోని. "పెద్దాసుపత్రికి పంపించండి." రుమాలు మల్ల ముక్కు మీదికి పోయింది. ఇద్దరూ దఫ్తరు దిక్కు నడిచిండ్రు. చాయ్ కప్పులు అప్పటికే అరుగు మీదికి వచ్చినయి.

సారక్క గడప కాడనే నిలబడ్డది. తాను అన్నది నిజమే. అయినా ఆ మనిషి అంత నెమ్మదిగ పోయిండంటె, తాను అన్న మాటల ఏదో ఆయనకు పనికొచ్చింది. అదేందో ఆమెకు అందలేదు.

జీపు పోయినంక మునీము మెట్ల కాడికి వచ్చిండు. "నీ మిషను మీద రేపటి సంది వేరే మనిషి" అన్నడు.

"పెద్ద దవాఖానకు ఎప్పుడు పంపుతరు?"

"చూద్దం."

ఆయన రెండు అడుగులు పోకముందే సారక్క గేటు దిక్కు నడిచింది. జైనథ్ దిక్కు రైతు హనుమండ్లు పత్తి దించి, ఎడ్లను కడుతుండు. ఆమె బండి ముందట నిలబడి మొగిలి సంగతి చెప్పింది. ముసలాయన తలపాగ తీసి దులిపి మల్ల చుట్టుకొని, "ఎక్కియ్యి బిడ్డా, గడ్డి ఉన్నది, మెత్తగనే ఉంటది" అన్నడు.

మల్లక్కను, ఇంకో ఇద్దరాడోళ్లను మిషన్ల కాడికెల్లి గుంజుకొచ్చింది. బొంత నాలుగు కొసలు పట్టి మొగిలిని లేపిండ్రు. లింగమూర్తి అడ్డం రాలేదు. ఒక కొస జారుతుంటె ఆయనే పట్టుకొని మెట్లు దిగిచ్చిండు. బంగ్లా దిక్కు తలుపు చప్పుడు కాంగనే కొస మల్లక్క చేతుల పెట్టి ఎనకకు జరిగిండు.

"మునీము అడిగితె నేనేం చెప్పాలె?"

"జ్వరం తగ్గిందని చెప్పు" అన్నది సారక్క.

బండి బజారు మీదికెల్లి పోతుంటె దుకాణాల మీది మనుషులు ముక్కులు మూసుకొని చూసిండ్రు. సారక్క ఎవలి దిక్కూ చూడలేదు. చక్రం రాయి ఎక్కినప్పుడల్లా మొగిలి తల కదలకుండ తొడ మీద పట్టుకున్నది.

"ఎటు తీస్కపోతున్నవే?"

"సర్కారు దవాఖానకు."

"నీ మిషను?"

"పోయింది."

వాడు కండ్లు మూసుకున్నడు.

సర్కారు దవాఖానల డాక్టరు పిన్న వయసాయన. గుడ్డ ఊడదీసి, ఉడుకునీళ్లతోని పుండు కడిగి, కుళ్లిన తోలు కత్తెరతోని తీసిండు. అయినంక చేతులు కడుక్కుంట అడిగిండు.

"ఇన్ని దినాలు ఎక్కడ పెట్టిండ్రు? ఈ వాసనేంది?"

"లవండరు నూనె సారు. చుట్టు రాసిన. పుండు మీద కాదు."

"దాంతోని మానుతదనుకున్నవా?"

"మానుతదని కాదు. అరుస్తుండె. రాస్తె పండుకున్నడు."

డాక్టరు తల ఊపిండు. "పండుకున్నడంటె మంచిదే. అది ఆపాటి పని చేస్తది. పుండు కడుగుడు దాని పని కాదు, మనుషుల పని." బతుకుతడని చెప్పిండు. ఎడమ చెయ్యి పైకి లేవకపోవచ్చని సుత చెప్పిండు. కాలిన కేసు కాబట్టి పోలీసులకు కబురు పెట్టాలన్నడు.

తెల్లారి పొద్దున పోలీసు జమేదారు వచ్చిండు. ఆయన కంటె ముందే మునీము వచ్చి ఉన్నడు. బత్తాయిల సంచి మంచం పక్కకు పెట్టి, మొగిలి కాళ్ల దిక్కు నిలబడి, ఎన్నడూ లేనంత మెత్తగ మాట్లాడుతుండు.

"మొగిలీ, తబ్యత్ ఎట్లున్నది? సారక్క మిషను ఎక్కడికీ పోలేదు. కోపంల అన్న. ఇంటికాడ పొయ్యి మీద పడ్డవు, అంతే గద? జమేదారు సాబ్ రాసుకుంటడు, అయిపోతది."

సారక్క మొగని మొఖం చూసింది. ఇప్పుడు నవ్వుతడనుకున్నది. మునీము ఇంత మెత్తగ మాట్లాడితె వాడు మురిసి ముప్పై రెండు పండ్లు బయట పెడుతడు. ఆ నవ్వు చూసే ఓపిక లేక ఆమె కిటికి దిక్కు తిరిగింది.

జమేదారు స్టూలు మీద కూసున్నడు. "ఎట్ల కాలింది?"

ఇగ తానే చెప్పాలె గావచ్చనుకొని సారక్క అన్నది. "మిల్లుల సారు. దూది అర్రల బీడి తాగి..."

"తాగలే" అన్నడు మొగిలి.

గొంతు సన్నగనే ఉన్నది. కాని సారక్క ఆ గొంతును ఎన్నడూ వినలేదు. తిరిగి చూసింది. వాని మొఖం మీద నవ్వు లేదు.

"దూది అర్రకు పోయెటప్పుడు మా ఒళ్లు వెతుకుతరు సారు. బీడి, అగ్గిపెట్టె గేటు కాడనే గుంజుకుంటరు. పత్తిల ఏదో రాయి వచ్చి, రూళ్లకు తగిలి నిప్పురవ్వ లేసినట్టున్నది. మిషను కాడికెల్లే అగ్గి పట్టిన దూది లోపలికి ఎగిరి వచ్చింది. తొక్కుదామని చూసిన. ఆగలే. తలుపు కాడికి ఉరికిన. బయట గొళ్లెం పెట్టి ఉన్నది."

"ఎవరు పెట్టిండ్రు?"

"దూది ఎత్తుకపోతున్నరని పోయిన నెల సంది పెడుతున్నరు. కూత పెట్టినప్పుడే తీస్తరు." వాడు కాళ్ల దిక్కు నిలబడ్డ మనిషిని చూసిండు. "మునీము సాబ్ పెట్టిచ్చిండు."

"ఝూట్! అబద్ధం!" అన్నడు మునీము.

"మరి తలుపు ఎవలు తీసిండ్రు?" అన్నడు జమేదారు.

"ఎవలు తియ్యలే. అరిసిన, బెల్టుల మోతల ఎవలికి ఇనవడుతది? భుజం పెట్టి నూకిన. నూకంగ నూకంగ గొళ్లెం ఊడింది."

ఎడమ భుజం. సారక్క నూనె రాయలేకపోయిన భుజం. కాలిన తోలు కింద ఎముక కాడ నల్లగ కమిలి ఉంటె, పడ్డప్పుడు తగిలిందనుకున్నది.

జమేదారు లేచి టోపి పెట్టుకున్నడు. "నేను పోయి తలుపు చూస్త. మీరు సుత నాతోనే రాండ్రి మునీము సాబ్. నాకంటె ముందు పోయి కొత్త గొళ్లెం కొట్టియ్యకుండ్రి." ఇద్దరూ బయటికి పోయిండ్రు. బత్తాయిల సంచి అక్కడనే ఉన్నది. సారక్క దాన్ని తీసి, ఎదురు మంచం ముసలామె పక్కకు పెట్టి వచ్చింది.

వచ్చి నిలబడ్డది. మునీము నోట్లకెల్లి వచ్చిన బీడి మాటను, ఇన్‌స్పెక్టరు ముందట తన నోటితోని తానే ఖాయం చేసి పంపిచ్చింది. తన మాటల ఆయనకు పనికొచ్చింది ఏందో ఇప్పుడు తెలిసింది. ఆ అబద్ధాన్ని అమ్మటానికి మునీముకు ఎక్కడికీ పోవల్సిన పని పడలేదు. కొనెటందుకు తాను తయారుగనే ఉండె.

"నాకెందుకు చెప్పలే?" అన్నది.

మొగిలి మాటల కోపం లేదు, నిష్ఠూరం లేదు.

"నువ్వు అడగలే. బీడి ఎందుకు ముట్టిచ్చినవని అడిగినవ్."

వార్డుల ఎవలో దగ్గుతున్నరు. నర్సు బకెటు మోసుకుంట పోయింది. సారక్క జమేదారు కూసున్న స్టూలును మంచం తలకట్టు దిక్కు గుంజుకొని కూసున్నది. వాడంటె ప్రేమా పావురం ఏం పుట్టుకరాలేదు. సగంల విడిచిన గోడ ఇంకా అట్లనే ఉన్నది. కాని ఈ సారి ఆమె తల పక్కకు తిప్పుకోలేదు.

"ఇప్పుడు అడుగుతున్న. పొద్దున లోపలికి పోయినకాడికెల్లి చెప్పు" అన్నది.

మొగిలి పెదవులు తడుపుకొని మొదలుపెట్టిండు.